సీనాయి మఠంలో చెరిపిన సువార్త

కైరోలో తెల్లవారుజామున బయలుదేరి, సూయజ్ కాలువ కింది సొరంగం దాటి, దారి పొడవునా తనిఖీల వద్ద ఆగుతూ, సీనాయి కొండల నడుమ ఉన్న సెయింట్ కేథరిన్ ఊరు చేరేసరికి సాయంత్రమైంది. కొన్నేళ్లుగా పశ్చిమాసియా తొలి క్రైస్తవులు వాడిన సిరియాక్ లిపి నేర్చుకుంటూ తొలినాటి సువార్త ప్రతులను ఛాయాచిత్రాల్లోనే చదువుతున్న నాకు, వాటిలో అతి ప్రాచీనమైన ఒక ప్రతిని ఇన్ని శతాబ్దాలు కాపాడిన గోడలను కళ్లారా చూడాలనిపించింది.

6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన ఆ సెయింట్ కేథరిన్ మఠం రాతి ప్రాకారంలోకి మరునాటి ఉదయం అడుగుపెట్టాను. నేను తలచుకుంటూ వచ్చిన ఆ రాతప్రతిని సందర్శకులకు చూపరని తెలుసు. 1892లో దాన్ని వెలుగులోకి తెచ్చిన స్కాట్లండ్ కవల సోదరీమణులు ఆగ్నెస్ స్మిత్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ ఒంటెల మీద ఇక్కడికి వచ్చారు. పైకి పుణ్యస్త్రీల చరిత్రలు కనిపిస్తున్న ఒక చర్మపత్ర (జంతుచర్మంతో చేసిన ఆకుల) గ్రంథంలో అడుగున మసకగా సువార్త వాక్యాలున్నాయని ఆగ్నెస్ గుర్తించారు. అతుక్కుపోయిన ఆకులను కెటిల్ ఆవిరితో విడదీసి, ఫోటోలు తీసుకుని వెళ్లారు. అది ప్రాచీన సిరియాక్ అనువాదమని కేంబ్రిడ్జిలో బెన్స్లీ, బర్కిట్ అనే పండితులు పోల్చుకున్నాక, 1893లో పండితులతో కలిసి తిరిగివచ్చి, నలభై రోజులు కూర్చుని పాఠాన్ని ఎత్తిరాశారు.

మన తాళపత్రం మీద గంటం గీసిన అక్షరం ఆకు చిరిగితే తప్ప పోదు. చర్మపత్రం అలా కాదు. ఖరీదైనది కనుక పాత సిరాను కడిగి, గీకి, మళ్లీ వాడేవారు. 4వ శతాబ్దం చివరన గానీ 5వ శతాబ్దం తొలినాళ్లలో గానీ రాసిన సువార్తలు అలాగే అడుగున పడిపోయాయి. వాటిని చెరిపిన లేఖకుడి మీద నాకు కోపం రాదు. ఆ ఆకులు మరో గ్రంథానికి పనికిరాకపోయి ఉంటే బహుశా మనదాకా వచ్చేవే కావు.

నన్ను ఇంతదూరం రప్పించింది అందులోని మార్కు సువార్త ముగింపు. సమాధి దగ్గర నుంచి పారిపోయిన స్త్రీలు భయంతో ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న 16వ అధ్యాయం 8వ వచనంతో అది ఆగిపోతుంది; వెంటనే లూకా సువార్త మొదలవుతుంది. ఈస్టర్ ఉదయాన మా ఊరి ఆలయంలో చిన్ననాటి నుంచి నేను విన్న తర్వాతి పన్నెండు వచనాలు అందులో లేవు. మొదటిసారి ఛాయాచిత్రంలో ఆ చోటు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. విశ్వాసం సడలినందుకు కాదు, ఆ స్త్రీల భయం అంతకుముందెన్నడూ లేనంత దగ్గరగా తగిలినందుకు.

మధ్యాహ్నానికి మఠం తలుపులు మూశారు. ఉత్తరపు గోడ వైపు నడిచాను. 1975లో ఆ గోడలోని మూసుకుపోయిన గదిలో వేలకొద్దీ రాతప్రతుల శకలాలు బయటపడ్డాయి. ప్రాచీన సిరియాక్ సువార్తల మరొక ప్రతి కూడా వాటిలోనే, మరో రాత కింద దొరికింది. ఆ నీడన కూర్చుని, నా తెలుగు బైబిలు తెరిచి, మార్కు 16వ అధ్యాయం 8వ వచనం దాకా చదివి, పుస్తకం మూశాను.