వారంటీ కాయితంలో నాలుగో పేజీ

పాత ఆడి టీటీ, అంటే నేలకి దగ్గరగా ఉండే చిన్న స్పోర్ట్స్ కారు, కొంటున్నానని చెప్పగానే మా బావమరిది అడిగిన మొదటి మాట, "బావా, మన భీమవరం రోడ్ల మీద దాని పొట్ట నేలకి తగలదా?" అని. నా టెన్షన్ వేరే. 2016 మోడల్, 56,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ వారంటీ ఎప్పుడో అయిపోయింది. పొడిగించుకుందామంటే కారు వయసు దాటిపోయిందన్నారు. దాంతో హైదరాబాద్‌లో అమ్మే డీలరు వేరే సంస్థ వారంటీ చూపించాడు. ఏడాదికి 1,35,000, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,59,300. రేపటిలోగా చెప్పాలన్నాడు.

ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. ఇరవై ఏళ్లుగా మనసులో ఉన్న కారు. రొయ్యలు కలిసొచ్చిన రెండు పంటల్లో దాచిన డబ్బు. కొన్న మూడో నెలలో గేర్‌బాక్స్ పోతే? ఇందులో ఉండేది రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. గేర్లు మార్చే ఎలక్ట్రానిక్, హైడ్రాలిక్ భాగాలన్నీ ఒకే యూనిట్‌లో ఉంటాయి, దాన్ని మెకట్రానిక్స్ అంటారు. అది మార్చడానికి నాకు చెప్పిన అంచనా మూడున్నర లక్షలు.

పొద్దున్నే ఫోన్ చేసి, షరతుల కాయితం మొత్తం పంపితే గానీ చెప్పనన్నాను. పదకొండు పేజీలు వచ్చింది. మొదటి పేజీలో ఇంజిన్, టర్బో, గేర్‌బాక్స్ అన్నీ ఉన్నాయి. నాలుగో పేజీలో వర్తించనివి: తుప్పు, నీళ్లు చేరడం వల్ల నష్టం, రబ్బరు బుష్‌లు, క్లచ్ అరుగుదల, సర్వీసు తప్పిన బండి, కొనకముందే ఉన్న లోపం. సముద్రం మీంచి వచ్చే ఉప్పు గాలి, చేపల లారీల నుంచి రోడ్డంతా కారే ఐసు నీళ్లు, వానాకాలం కాలవ పొంగి రోడ్డెక్కే నీళ్లు, నల్లరేగడి మీద కుంగిన తారు. మా వైపు కార్లని తినేవన్నీ ఆ ఒక్క పేజీలోనే ఉన్నాయి.

ఆరో పేజీలో ఇంకో సంగతి. ఒక్కో క్లెయిముకి గరిష్ఠంగా 1,50,000. నేను కట్టేది 1,59,300. నేను భయపడుతున్న గేర్‌బాక్సే పోయినా మిగతా రెండు లక్షలు నా జేబులోంచే. ఒకే ఏడాదిలో రెండు పెద్ద రిపేర్లు వస్తే తప్ప గిట్టదు. పైగా ఎవరైనా ముందు అనుమతి తీసుకోకుండా బండి విప్పితే క్లెయిము పోయినట్టే.

అప్పుడు మా ఊరి మెకానిక్‌ని వెంటబెట్టుకుని హైదరాబాద్ వెళ్లాను. డీలరుకి సంబంధం లేని గ్యారేజీలో కారుని లిఫ్ట్ మీద ఎక్కించి రెండు గంటలు చూశాడు. టార్చి వేసి వెనక ఎడమ షాక్ అబ్జార్బర్ చూపించాడు. దాని మీద నూనె చెమ్మ, చెమ్మకి అంటిన దుమ్ము. "ఇది ఇప్పుడు రాయించుకోండి, లేకపోతే రేపు పాత లోపమంటారండి" అన్నాడు. అంతకంటే విలువైన మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఆ షాక్‌లు రెండూ డీలరుతోనే మార్పించాను. ఈ గేర్‌బాక్స్‌కి 60,000 దగ్గర నూనె మార్చాలి. నేను ఆగకుండా ముందే మార్పించేశాను.

వారంటీ వద్దన్నాను. ఇన్సూరెన్స్‌లో మాత్రం ఇంజిన్ ప్రొటెక్ట్ కలుపుకున్నాను. నీళ్లు లాక్కుని ఇంజిన్ పాడైతే మామూలు పాలసీలో సాధారణంగా రాదు, ఈ వైపు అది తప్పనిసరి అని నా నమ్మకం. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను.

కంపెనీదే పొడిగించిన వారంటీ దొరికే వయసు కారైతే నేను ఆలోచించకుండా కట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ 1,59,300 వేరే డిపాజిట్‌లో ఉంది, కారు పేరు మీదే అనుకుంటున్నాను. రిజిస్ట్రేషన్ మారి వచ్చిన ఆదివారం పాలకొల్లు దాకా వెళ్లొచ్చాం. బావమరిది పక్క సీట్లో కూర్చుని ప్రతి గతుకు దగ్గరా కింద శబ్దం కోసం చెవి పెట్టాడు. ఒక్కసారీ తగల్లేదు.