మా కౌంటీ పేరున్న దిమ్మె

అలబామా రాష్ట్రంలోని మాంట్‌గమరీ తీసుకెళ్ళమని అడిగింది నాన్నే. తెనాలి కోర్టులో బెంచి క్లర్కుగా రిటైరైన మనిషి. అమెరికా వచ్చి రెండు నెలలైంది. "కోర్టులు చేసిన తప్పుల్ని కూడా చూపించే మ్యూజియం ఉందిట కదమ్మా, అది చూపించు" అన్నారు.

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, ఫోర్సైత్ కౌంటీలోని కమింగ్‌లో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. పులిహోర కట్టుకుని తెల్లవారకముందే బయల్దేరాం. మూడున్నర గంటల దారి. అలబామాలోకి అడుగుపెట్టగానే ఫోన్లో టైము గంట వెనక్కి జరిగింది.

ముందు స్మారకానికి వెళ్ళాం. బ్రయాన్ స్టీవెన్‌సన్ అనే లాయరు 1989లో పెట్టిన ఈక్వల్ జస్టిస్ ఇనీషియేటివ్ సంస్థ దీన్ని కట్టించి 2018 ఏప్రిల్‌లో తెరిచింది. 1877 నుంచి 1950 దాకా గుంపులు చంపేసిన నల్లజాతి వాళ్ళ పేర్లు, 4,400కి పైగా, ఇక్కడున్నాయి. ఒక్కో కౌంటీకి ఒక్కో ఉక్కు దిమ్మె, అలాంటివి 800 దాటి ఉన్నాయి. తుప్పు రంగు. మొదట్లో అవి మనుషుల్లా మన ఎదురుగా నిలబడి ఉంటాయి. నడుస్తున్నకొద్దీ కాళ్ళకింద నేల పల్లంలోకి దిగిపోతుంది, దిమ్మెలు మాత్రం అక్కడే వేలాడుతుంటాయి. చివరికి తలెత్తి చూస్తే వాటి అడుగుభాగాలే కనిపిస్తాయి. మెడ నొప్పెట్టేదాకా అలాగే చూశాను.

గోడ మీద పలకల్లో ఎవరిని ఎందుకు చంపారో ఉంది. 1940లో లువర్న్ అనే ఊళ్ళో జెస్సీ థార్న్‌టన్‌ని చంపింది, తెల్ల పోలీసు పేరు ముందు 'మిస్టర్' అని చేర్చనందుకు.

"గారు అననందుకా?" అన్నారు నాన్న. ఆ పలక దగ్గర్నుంచి చాలాసేపు కదల్లేదు. 'గారు' ఎవరికి పెట్టాలో, ఎవరికి పెట్టక్కర్లేదో పుట్టుకను బట్టి నేర్పే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. మాకు ఆ వాక్యం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

నేను వెతుకుతున్నది మా కౌంటీ కోసం. దొరికింది. ఫోర్సైత్ కౌంటీ, జార్జియా. రాబ్ ఎడ్వర్డ్స్, 1912 సెప్టెంబరు. ఒక తెల్లమ్మాయి మీద దాడి జరిగిందని పట్టుకొచ్చి కమింగ్ జైల్లో పెడితే, గుంపు జైల్లోకి జొరబడి అతన్ని చంపింది. ఊరి నడిబొడ్డున శవాన్ని వేలాడదీసింది. ఆ చౌరస్తా మీదుగా నేను వారానికి రెండుసార్లైనా వెళ్తుంటాను.

అదే కేసులో ఇంకో ఇద్దరున్నారు. ఎర్నెస్ట్ నాక్స్‌కి 16 ఏళ్ళు, ఆస్కర్ డేనియల్‌కి 18. వాళ్ళకి విచారణ జరిగింది. ఇద్దరి మీదా విచారణ, తీర్పు అంతా ఒక్క రోజులో. జ్యూరీలో అందరూ తెల్లవాళ్ళే. అక్టోబరు 25న వేలమంది చూస్తుండగా ఉరి తీశారు. దిమ్మె మీద వాళ్ళ పేర్లు లేవు. కోర్టు వేసిన ఉరి ఈ లెక్కలోకి రాదు.

"ఒక్క రోజా!" అన్నారు నాన్న. "కోడి దొంగతనం కేసుకైనా మూడు వాయిదాలు పడతాయమ్మా. సాక్షుల్ని ఎప్పుడు విన్నట్టు?"

అప్పుడు వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతి మనిషి సంగతి చెప్పాను. అది 1912 నాటిది కాదు, 1988 నాటిది. అలబామాలోని మన్రోవిల్‌లో జరిగిన హత్య కేసు. ఆ సమయానికి ఆయన ఇంటి దగ్గరే ఉన్నాడని నల్లజాతి సాక్షులు చెప్పినా చెల్లలేదు. విచారణ మొదలవకముందే ఏడాదికి పైగా మరణశిక్ష ఖైదీల మధ్య ఉంచారు. విచారణ ఒకటిన్నర రోజు. జ్యూరీ యావజ్జీవం అంటే, జడ్జి దాన్ని పక్కనపెట్టి మరణశిక్ష వేశాడు. అలబామాలో అప్పుడు జడ్జికి ఆ అధికారం ఉంది. స్టీవెన్‌సన్ పట్టు వదలకుండా పోరాడాక, 1993లో నిర్దోషిగా బయటికొచ్చాడు.

"ఆ అధికారం ఇప్పటికీ ఉందా?"

"2017లో తీసేశారు నాన్నా."

"ఎప్పట్నుంచి అమలు? పాత కేసులకి వర్తిస్తుందా?"

వర్తించదు. అంతకుముందు జ్యూరీ మాట కాదని మరణశిక్ష వేసిన వాళ్ళకి ఆ చట్టం ఏమీ చేయలేదు. ఉత్తర్వు చేతికొస్తే నాన్న ముందు తేదీ చూస్తారు. సంస్కరణ వచ్చిందని సంతోషపడి అక్కడితో ఆగిపోయే నాకు, ఆ తేదీకి ఇవతల ఎవరున్నారు, అవతల ఎవరు మిగిలిపోయారు అని అడగాలని ఆ రోజు తెలిసింది.

మధ్యాహ్నం మ్యూజియంలో మట్టి సీసాలు చూశాం. చంపిన చోట్ల తవ్వి తెచ్చిన మట్టి, సీసా మీద పేరు, ఊరు, తేదీ. కొన్ని నల్లగా, కొన్ని ఇసుక రంగులో, కొన్ని ఎర్రగా. ఆ ఎరుపు మా పెరట్లో గులాబీలు నాటినప్పుడు గోళ్ళలో ఇరుక్కునే మట్టిదే. ఫోటోలు తియ్యనివ్వరు, అదే మంచిదనిపించింది.

తిరుగు దారిలో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. కమింగ్‌లో దిగమన్నారు. 2021లో అక్కడ రాబ్ ఎడ్వర్డ్స్ గురించి పలక పెట్టారు. వీధి దీపం వెలుతురులో అక్షరం అక్షరం చదివారు. ఆ హత్య తర్వాత గుంపులు కౌంటీలో ఉన్న నల్లజాతి వాళ్ళందరినీ, సుమారు 1,100 మందిని, తరిమేశాయి. ఇళ్ళు, చర్చిలు తగలబెట్టాయి. 1987లో వర్ణవివక్షకి వ్యతిరేకంగా ఊరేగింపుగా వచ్చినవాళ్ళ మీద కూడా ఇక్కడ రాళ్ళు పడ్డాయి. ఇప్పుడు మనవాళ్ళు వేలల్లో ఉంటున్నది ఈ కౌంటీలోనే.

కారెక్కాక అడిగారు.

"వాళ్ళకి భూములుండేవా?"

"చాలామందికి ఉండేవి. కొందరు అయినకాడికి అమ్ముకుని పోయారు, కొందరివి పక్కవాళ్ళు కలిపేసుకున్నారు."

"మీరు ఇల్లు కొన్నప్పుడు లింకు డాక్యుమెంట్లు ఎక్కడి దాకా చూశారు?"

ఆ పని లాయరు చూసుకున్నాడని చెప్పాను. "1912 దాకా చూశాడా?" అన్నారు.

మర్నాడు ఉదయం ఇంటి కాగితాల ఫైలు తీసి ఆయన ముందు పెట్టాను.