ఢిల్లీలో ఏ గుంత ఎవరిది?

ఓల్డ్ రాజేంద్ర నగర్‌లోనో ముఖర్జీ నగర్‌లోనో గది తీసుకుని సివిల్స్‌కు చదివే మనవాళ్లు వానాకాలం రాగానే అడిగే ప్రశ్న ఒకటుంది: “వీధిలో మోకాలి లోతు నీళ్లు, ఎవరికి చెప్పాలి?” దేశ రాజధాని కదా, కేంద్రమే చూసుకుంటుందని కొందరి ధీమా. ముఖ్యమంత్రి ఉన్నారు కదా అని ఇంకొందరు. రెండూ సగం సగమే నిజం. అందుకే ఫిర్యాదులు కూడా సగం దూరమే వెళ్తాయి.

ముందు అసలు లెక్క. 1991లో 69వ రాజ్యాంగ సవరణతో 239ఏఏ అధికరణం వచ్చింది. ఢిల్లీకి అసెంబ్లీ ఇచ్చారు గానీ శాంతిభద్రతలు, పోలీసు, భూమి మాత్రం కేంద్రం తన చేతిలోనే ఉంచుకుంది. ఢిల్లీ పోలీసులు కేంద్ర హోం శాఖ కింద పనిచేస్తారు. వాళ్ల ఖర్చు కేంద్ర బడ్జెట్‌లోంచే వస్తుంది, ఏటా 11 వేల కోట్ల పైమాటే. భూములు చూసే ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ)కు లెఫ్టినెంట్ గవర్నరే చైర్మన్. అధికారుల బదిలీలు ఎన్నికైన ప్రభుత్వానివేనని 2023 మే 11న సుప్రీంకోర్టు చెబితే, వారం తిరిగేసరికి మే 19న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆగస్టులో అది చట్టమైంది. బదిలీలకు ముగ్గురితో ఒక ప్రాధికార సంస్థ పెట్టారు. అధ్యక్షత ముఖ్యమంత్రిదే. మిగతా ఇద్దరూ అధికారులు, నిర్ణయం మెజారిటీది, చివరి మాట లెఫ్టినెంట్ గవర్నర్‌ది. ఇంజినీరును మార్చే చేయి ఒకరిది, ఆ ఇంజినీరు పని చేయకపోతే తిట్లు తినే ముఖం ఇంకొకరిది. 2025 నుంచి కేంద్రంలోనూ ఢిల్లీలోనూ ఒకే పార్టీ ఉంది కాబట్టి పోట్లాట చప్పుడు తగ్గింది, ఏర్పాటు మాత్రం అదే.

ఇక రోడ్లు. 60 అడుగులు, అంతకు మించి వెడల్పున్నవి ఎక్కువగా ఢిల్లీ ప్రభుత్వ ప్రజా పనుల శాఖవి, అంటే పీడబ్ల్యూడీవి. అంతకన్నా చిన్నవి, కాలనీ వీధులు మున్సిపల్ కార్పొరేషన్‌వి, అంటే ఎంసీడీవి. జాతీయ రహదారులు కేంద్ర సంస్థ ఎన్‌హెచ్‌ఏఐవి. కన్నాట్ ప్లేస్, అశోకా రోడ్, మన ఆంధ్ర, తెలంగాణ భవన్‌లున్న చుట్టుపక్కలంతా న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్‌ది, అంటే ఎన్డీఎంసీది. ఢిల్లీ మొత్తం 1,484 చదరపు కిలోమీటర్లయితే ఎన్డీఎంసీ పరిధి 43 లోపే, అయినా తళతళలాడేది అదే. కారణం దాచేదేం కాదు. దాని చైర్మన్‌ను నియమించేది కేంద్రం, అక్కడ కరెంటు పంపిణీ కూడా ఆ కౌన్సిలే స్వయంగా చేసుకుంటుంది. కర్తవ్య పథ్ కేంద్ర ప్రజా పనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) చేతిలో ఉంది. కంటోన్మెంట్‌కు వేరే బోర్డు, అది రక్షణ శాఖ కింద. అనధికార కాలనీల్లో చాలాచోట్ల రోడ్డు వేసింది ఒక శాఖ, ఊడ్చేది మరొకటి.

మురుగు దగ్గరకొచ్చేసరికి ముడి ఇంకా బిగుస్తుంది. వాన నీటి కాలువ రోడ్డు ఎవరిదైతే వాళ్లది. ఇళ్లలోంచి వచ్చే మురుగు పైపు, దాని మ్యాన్‌హోల్ ఢిల్లీ జల్ బోర్డువి. ఫుట్‌పాత్ అంచున పలకలు పరిచి, పక్కన నోరు తెరిచినట్టుండే సందులు కనిపిస్తే అది వాన నీటి కాలువ. రోడ్డు మధ్యలో గుండ్రటి మూతుంటే చాలావరకు జల్ బోర్డుదే. నల్లటి నీళ్లు, వాసన ఉంటే జల్ బోర్డుకు 1916కు చెప్పాలి. వాన ఆగాక కూడా మామూలు మట్టినీళ్లు దిగకపోతే రోడ్డు యజమానికి. మూడోది పెద్ద నాలాలు: 57 కిలోమీటర్ల నజఫ్‌గఢ్ నాలా లాంటివి సాగునీటి, వరద నియంత్రణ శాఖవి. మీ వీధి కాలువ శుభ్రంగా ఉన్నా, అది కలిసే నాలాలో మట్టం పెరిగితే నీళ్లు వెనక్కే తంతాయి. అప్పుడు మీ వీధి ఇంజినీరును నిలదీసి లాభం లేదు.

పూడికతీత ఎందుకు పనిచేయదో చూడాలంటే జూన్‌లో ఏ వీధికైనా వెళ్లండి. తీసిన బురదను ఆరడానికి కాలువ గట్టునే కుప్ప పోస్తారు, తడిగా లారీకెత్తితే దారంతా కారుతుంది కాబట్టి. లారీ వచ్చేలోపు వాన వస్తే కుప్పలో సగం మళ్లీ కాలువలోకే. కాంట్రాక్టరు బిల్లులో మాత్రం తీసినట్టే ఉంటుంది. దానికి తోడు సందులకడ్డంగా పాలిథిన్, ఇళ్లు కూల్చిన చెత్త. వాన నీరు మురుగు పైపులోకి, మురుగు వాన కాలువలోకి కలిపేసుకున్న కనెక్షన్లు సరేసరి. దశాబ్దాల పాటు నగరం నడిచింది 1976 నాటి డ్రైనేజీ ప్రణాళిక మీద.

2023 జులైలో యమున 208.66 మీటర్లకు చేరింది. ప్రమాద మట్టం 205.33, అంతకు ముందు రికార్డు 1978లో 207.49. ఆ రోజుల్లో యమున మీది ఐటీఓ బ్యారేజీకున్న 32 గేట్లలో 5 బురదలో కూరుకుపోయి తెరుచుకోలేదు. బ్యారేజీ ఉన్నది ఢిల్లీ నడిబొడ్డున, అప్పుడు నిర్వహణ హర్యానాది. కిందనున్న ఓఖ్లా బ్యారేజీ ఉత్తరప్రదేశ్‌ది. చివరికి గేటు లేపడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఏడాదికి, 2024 జులై 27న, ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వాన నీరు దూరి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. వాళ్లలో ఒకమ్మాయి కుటుంబం తెలంగాణలో ఉంటుంది. బేస్‌మెంట్‌కున్న అనుమతి సామాన్లు పెట్టుకోవడానికి, నడిపింది లైబ్రరీ. కాలువ ఒకరిది, భవన అనుమతి ఇంకొకరిది, కేసు కట్టిన పోలీసులు మరొకరి కింద. ఆగస్టు 2న హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. బేస్‌మెంట్ లైబ్రరీలో సీటు తీసుకునే ముందు బయటకు దారులు రెండున్నాయో లేదో, గుమ్మం రోడ్డు కన్నా ఎత్తులో ఉందో లేదో కళ్లారా చూసుకోండి.

పోలీసుల సంగతి కొంత నయం. యజమాని ఒక్కరే కాబట్టి ఎవరిని అడగాలో తెలుస్తుంది. అత్యవసరమైతే 112. దొంగతనం, బండి పోవడం లాంటివాటికి ఆన్‌లైన్‌లోనే ఈ-ఎఫ్‌ఐఆర్ ఉంది. కొత్త నేర విచారణ చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి, “మా పరిధి కాదు” అన్న మాట చెల్లదు. మెట్రో స్టేషన్‌లో మిమ్మల్ని తనిఖీ చేసేది కేంద్ర బలగమైన సీఐఎస్‌ఎఫ్, కేసు రాసేది మాత్రం ఢిల్లీ పోలీసుల మెట్రో ఠాణా. కెమెరా ఫుటేజీ కొద్దిరోజులకే చెరిగిపోతుంది, కాబట్టి దాన్ని భద్రపరచమని మొదటి రోజే రాసివ్వండి. చీకటి వీధుల జాబితాలు పోలీసులే తయారుచేస్తారు గానీ బల్బు వేసేది వాళ్లు కాదు. దీపం గురించి చెప్పేటప్పుడు స్తంభం మీది నంబరు రాయండి, అది లేకపోతే ఫిర్యాదు “చోటు దొరకలేదు” అని మూసేస్తారు.

హైదరాబాద్‌కూ ఈ ఢిల్లీ తరహా ఏర్పాటు వాసన కొన్నాళ్లుండేది. 2014 పునర్విభజన చట్టం 8వ సెక్షన్ ఉమ్మడి రాజధానిలో ప్రాణ, ఆస్తి రక్షణ బాధ్యతను గవర్నర్‌కు అప్పగించింది. 2024 జూన్ 2తో ఆ గడువు తీరింది.

ఫిర్యాదుకు ఎంసీడీ 155305, ఎన్డీఎంసీ 1533. ఫోటోలో కొండగుర్తు పడేలా చూసుకోండి. ఫిర్యాదు నంబరు తీసుకున్నాక కూడా పని కదలకపోతే పది రూపాయల ఆర్టీఐ పెట్టండి. “ఈ రోడ్డు ఎవరి స్వాధీనంలో ఉంది, కాలువ పూడిక చివరిసారి ఎప్పుడు తీశారు, కొలతల పుస్తకం నకలు ఇవ్వండి” అని మూడే ప్రశ్నలు. పోలీసు, డీడీఏ, ఎన్డీఎంసీలకు కేంద్ర ఆర్టీఐ పోర్టల్. ఢిల్లీ ప్రభుత్వ శాఖలకు వాళ్ల సొంత పోర్టల్ ఉంది. రెండో అప్పీలు మాత్రం ఎవరి మీదైనా కేంద్ర సమాచార కమిషన్‌కే వెళ్తుంది. దరఖాస్తు తమకు సంబంధించింది కాదంటే సంబంధిత శాఖకు ఐదు రోజుల్లో బదిలీ చేయాలని ఆర్టీఐ చట్టం 6(3) సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ నంబరు దరఖాస్తు చివర రాయడం మరిచిపోకండి.