ఉత్తరాలు రాసిపెట్టిన రోజులు

మన బడి పూర్వ విద్యార్థుల సంచిక సంపాదకులు నా పేరు పక్కన 'రచయిత' అని వేస్తామన్నారు. వద్దన్నాను. నా పేరుతో ఒక్క పుస్తకం లేదు. ఉద్యోగమంతా విద్యుత్తు శాఖలో, లెక్కల విభాగంలో గడిచింది. అయినా నాకున్న ఆస్తుల్లో రాయడం రావడమే పెద్దదని నా లెక్క. అది నాదేనని మొదట చెప్పినవారు మన తెలుగు సారు.

అవి 1980లు. నారాయణపేట వైపు మా ఊళ్లలో వానలు మొహం చాటేసిన ఏడు దసరా వెళ్లగానే ఇళ్లకు తాళాలు పడేవి. గుంపు మేస్త్రీ ముందే బయానా ఇచ్చి పేర్లు రాసుకునేవాడు. ఎవరు బొంబాయికో, ఎవరు ఏ డ్యామ్ పనికో ఆయనే చెప్పేవాడు. ఊళ్లో ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు మిగిలేవారు. వాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టడం బడికి వెళ్లే పిల్లల పని. బడి వదలగానే మా అరుగు మీద ఇన్‌లాండ్ కవర్లతో ఇద్దరు ముగ్గురైనా కూర్చుని ఉండేవారు.

ఉత్తరానికి ఒక మూస ఉండేది. 'ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము' అని మొదలై, డబ్బు సంగతి మీదుగా, 'వెంటనే జవాబు రాయగలరు' దగ్గర ఆగేది. పక్కింటి పెద్దమ్మ కొడుకుకు రాస్తున్నప్పుడు మూడు వంతుల కాగితం ఖాళీగా మిగిలింది. పోస్టాఫీసుకు డబ్బు కట్టి కొన్న కాగితం, వదలబుద్ధి కాలేదు. వాళ్ల దూడ గుంజ చుట్టూ తిరిగి తాడు బిగించుకుంటోందని, అతను వెళ్లేముందు వేసిన ముడి విప్పడం ఇంట్లో ఎవరికీ రావడం లేదని రాశాను. చదివి వినిపిస్తుంటే పెద్దమ్మ ఆపింది.

"ఈ మాట నేను చెప్పలేదు కదా బిడ్డా?"

కొట్టేయనా అని అడిగాను. "ఉండనీ. వాడికి కావలసింది అదే" అంది.

అప్పటి నుంచి ఉత్తరాలను ముందు నోటు పుస్తకం చివరి పేజీల్లో రాసుకునేవాణ్ణి. దిద్దడానికి తీసుకున్నప్పుడు అవి సారు కంట పడ్డాయి. మిగతా పేజీలన్నిటి మీదా ఎర్ర సిరా పారింది కానీ వాటి జోలికి మాత్రం ఆయన పోలేదు. "వీటికి మార్కులు వేసే అధికారం నాకు లేదు. ఇవి నీవి" అన్నారు. మరుసటి వారం తరగతి మొత్తానికీ ఒక పని పెట్టారు. ఊరు విడిచి వెళ్లిన ఎవరికైనా ఒక ఉత్తరం రాయాలి, తనకు చూపించనక్కరలేదు. చూపించనక్కరలేని హోంవర్కు అంటే సగం మంది నమ్మలేదు, రాయనూ లేదు. సారు అడగనూ లేదు.

ఒకరోజు ఆయన 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి బల్ల మీద పెట్టారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా అప్పటి మన పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను పోగుచేసి 1934లో వేసిన పుస్తకం అది. ఆ కథ ఇప్పుడు అందరికీ తెలుసు. సారు అడిగిన ప్రశ్న మాత్రం ఇంకెవరి నోటా నేను వినలేదు. "వీరిలో మీకు తెలిసిన పేర్లు ఎన్ని?" అన్నారు. మేం నోళ్లు వెళ్లబెట్టాం. "తెలియకపోతే వాళ్లకు పోయిందేముంది? పద్యం రాసిన పూట వాళ్లు సుఖంగానే ఉండి ఉంటారు" అన్నారు.

గద్వాల సంస్థానం పండితులను ఆదరించి 'విద్వద్గద్వాల' అనిపించుకుంది. అది మనకు గర్వకారణమే, కాదనను. కానీ ఆ గొప్పలు వల్లించినంత ఇష్టంగా, శాలువా ముఖం చూడకుండా రాసుకున్న వాళ్ల గురించి మనం మాట్లాడం. పిల్లల దగ్గరా అదే వరస. వ్యాసరచన పోటీ అంటే గైడులోని 'విజ్ఞానశాస్త్రం – లాభనష్టాలు' బట్టీ పట్టడం, గెలిస్తే స్టీలు గిన్నె. మా ఇంట్లోనూ అలాంటి గిన్నె ఒకటి ఉంది. దాని కోసం ఏం రాశానో ఒక్క వాక్యం గుర్తులేదు, దూడ ముడి మాత్రం గుర్తుంది.

ఉద్యోగంలో కొన్నాళ్లు నల్లగొండ జిల్లాలో పనిచేశాను. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల గురించి వచ్చే అర్జీలు నా బల్ల మీదుగా వెళ్లేవి. అన్నీ ఒకే మూస, 'తమరు దయతలచి' అంటూ. ఒక రైతు అర్జీలో మాత్రం, 'మోటారు ఆగినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు' అని ఉంది. కాగితాన్ని పై అధికారికి పంపేముందు ఆ వాక్యాన్ని నా డైరీలో ఎక్కించుకున్నాను. ఆ మనిషి తనను కవి అనుకుని ఉండడు. మూసలో ఇమడని మాట ఒకటి మిగిలింది, రాశాడు. సారు నాలో గుర్తుపట్టింది కూడా అంతకన్నా పెద్దదేం కాదు.

నా డైరీలు ఇప్పుడు ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. అచ్చు వేయించమని పిల్లలు అడుగుతుంటారు, నాకు ఆ తొందర లేదు. పిల్లల పెళ్లిళ్లు, నాన్న పోయిన వారం, బదిలీల మీద బదిలీలు అందులోనే ఉన్నాయి. ఆ రోజుల్లో పడుకునే ముందు నాలుగు వాక్యాలు రాసుకోబట్టి మర్నాడు ఆఫీసుకు వెళ్లగలిగాను.

పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక మనవి. ఈసారి బహుమతులకని పక్కన పెట్టిన డబ్బుతో నోటు పుస్తకాలు కొని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు పంచండి. పోటీ వద్దు, ర్యాంకులు వద్దు. ఇష్టమైనవాళ్లు రాసింది మనలో ఒకరికి పంపితే, చదివినవారు రెండు వాక్యాల జవాబు సొంత దస్తూరీతో రాయాలి. తొమ్మిదో తరగతి వాళ్లవి నాకు పంపండి. తపాలా ఖర్చు నాది.