తాతయ్య చిట్టాల పుస్తకం: పని ఎంతవరకు వచ్చిందంటే

అమ్మమ్మ ఇంట్లో ట్రంకుపెట్టె నిండా ఉన్న తాతయ్య చేతిరాత పుస్తకాలను ఫొటోలు తీసి, టైపు చేసి, చేత్తో కుట్టిన ఒక పుస్తకంగా తయారుచేసి ఇంటివాళ్లందరికీ ఇవ్వాలని సంక్రాంతికి మొదలుపెట్టాను. బైండింగు నాకు ఎప్పటినుంచో ఇష్టమైన పని. ఇలాంటి పెట్టె మీ ఇళ్లలోనూ ఉంటే పనికొస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను.

తాతయ్య చల్లపల్లి దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. తెల్లవారుజామున రామాలయంలో దీపం, పగలు బడి, సాయంత్రం గుడి అరుగు మీద పిల్లలకు ఎక్కాలు, పద్యాలు. అరుగు మీది చదువుకు పైసా తీసుకోలేదు. ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు ఆ జీతంతోనే చేశారు. ఊళ్లో ఏ మంచిపని తలపెట్టినా లెక్క రాసే బాధ్యత ఆయన మీదే పెట్టేవారు. అందుకే పెట్టెలో ఉత్తరాల కంటే చిట్టాలే ఎక్కువ.

జనవరి

ముందు దుమ్ము. మెత్తటి బొచ్చున్న పొడి బ్రష్షుతో పుట మధ్య నుంచి అంచులవైపు తుడవాలి. తడిగుడ్డ తగలనివ్వకూడదు, పాత సిరా వెంటనే పాకుతుంది. పురుగు పట్టిన రెండు చిట్టాలను విడిగా తీసి, నీడలో ఆరబెట్టి, వసకొమ్ము ముక్కలు గుడ్డలో మూటకట్టి పక్కన పెట్టాను. కలరా ఉండలు వద్దనుకున్నాను. ఆ ఘాటు కాగితాన్ని వదలదు, చదువుతూ కూర్చుంటే తల పట్టేస్తుంది.

చినిగిన పుటలకు సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ అసలే చేయించకండి. టేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకగా దిగుతుంది. లామినేషన్ చేసిన కాగితాన్ని మళ్లీ బయటికి తీయడం దాదాపు అసాధ్యం. పల్చటి టిష్యూ కాగితం, పల్చగా ఉడికించిన మైదా బంక చాలు. బంక పాడవకుండా బైండర్లు మైలుతుత్తం కలుపుతారు. కొత్త పుస్తకం అట్టకు సరే కానీ, తాతయ్య రాసిన పుటల మీద మాత్రం అది లేని బంకే వాడాను.

ఫిబ్రవరి

ఫొటోలకు ఫ్లాట్‌బెడ్ స్కానర్, 600 డీపీఐ. అసలు ప్రతిని నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచి, అందరికీ పంపడానికి వేరే చిన్న జేపెగ్ ఫైలు తీశాను. చిట్టాలను స్కానర్ మీద బోర్లించి నొక్కితే కుట్లు తెగుతాయి. వాటికి ఫోనే మేలు. స్టాండుకు బిగించి, కిటికీ వెలుతురు ఒక పక్కనుంచి పడేలా చూసుకుని, పుట కింద నల్లటి అట్ట పెట్టాలి. అలా పెడితే వెనకపుట సిరా ఇవతలికి కనిపించదు. జిగురు ఆల్బంలో అతుక్కుపోయిన ఫొటోలను పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నటి దారంతో మెల్లగా కోసి తీశాను.

నలుపు తెలుపు ఫొటోలకు రంగులు వేయించమని పిల్లలు అడిగారు. ఒప్పుకోలేదు. అమ్మమ్మ పెళ్లిచీర ఏ రంగో అమ్మమ్మకు తెలుసు. కంప్యూటర్ ఊహించి వేసిన రంగు ఆ పుస్తకంలో ఉండకూడదు.

మార్చి

టైపింగు. ఇక్కడే ఎక్కువ రోజులు ఆగిపోయాను, ఆగడం మంచిదే అయింది.

తాతయ్య తేదీలకు బదులు చాలాచోట్ల తిథులే రాశారు. పింగళ నామ సంవత్సరం కార్తీకం అని ఉన్న చిట్టా 1977 నవంబరుది. ఆ నెల 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. పదివేల మందికి పైగా పోయారు. తాతయ్య, ఊరి యువకులు సైకిళ్ల మీద బియ్యం, చాంతాళ్లు, ఫినాయిలు వేసుకుని అవనిగడ్డ మీదుగా నాగాయలంక వైపు వెళ్లారు. శవాలు తీసిన రోజుల గురించి ఆయన ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదని అమ్మమ్మ చెప్పింది. చిట్టాలోనూ ఒక్క ముక్క లేదు. ఉన్నవల్లా సరుకులే. ఒక పుట ఇలా ఉంది:

శ్రీరామ
రామాలయం దీపానికి నూనె
చిన్నదానికి జ్వరం, మందు
నాగాయలంకకు కిరసనాయిలు, అగ్గిపెట్టెలు
ఇంటావిడ కళ్లజోడు బాగుచేయించినది
తాటాకు, వెదుళ్లు, కూలి

ఈ పుట చదివాక పుస్తకం అమరిక తేలిపోయింది. కుటుంబం, దైవభక్తి, సేవ అని మూడు భాగాలు చేయమని పెద్దమ్మ సలహా ఇచ్చింది. కానీ ఆయన వాటిని విడదీసి బతకలేదు. చిన్నదాని జ్వరం మందుకూ కిరసనాయిలుకూ మధ్య గీత కూడా కొట్టలేదు. నేను గీయను. ఏ రోజు పుట ఆ రోజుదిగానే వస్తుంది: ఎడమపక్క చేతిరాత ఫొటో, కుడిపక్క టైపు.

ఊరివాళ్లు ఇచ్చిన బియ్యం లెక్కలో నిలువుగీతలు, అడ్డగీతలు కనిపించాయి. అవి పాత తెలుగు భిన్నపు గుర్తులు. ఒక నిలువుగీత కాలు, అంటే పావు. రెండు అర, మూడు ముప్పాతిక. ఒక అడ్డగీత వీసం, అంటే పదహారో వంతు. ఇవి కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో, 2008లో వచ్చిన 5.1లోనే చేరాయి కాబట్టి బొమ్మలు అతికించే అవసరం లేదు. కాలుకు ౹, వీసానికి ౼ అని నేరుగా టైపు చేయవచ్చు. లెక్క కుంచాల్లో ఉంది. కుంచానికి నాలుగు మానికలు, పదహారు సోలలు. అంటే అడ్డగీత పక్కనున్న ఇల్లు ఇచ్చింది ఒక్క సోల బియ్యం. ఆ పేరు చూసి అమ్మమ్మ, "వాళ్లకు ఆ పూట పొయ్యి వెలిగిందో లేదో నాయనా, అయినా ఇచ్చారు" అన్నది. పుట్లకొద్దీ పండించే ఇంటి పక్కనే, అదే సైజు అక్షరాల్లో, ఆ సోల కూడా రాసి ఉంది.

ఇచ్చినవాళ్ల పేర్లు ఉంచుతున్నాను. సాయం తీసుకున్నవాళ్ల పేర్లు తీసేసి "ఒక ఇల్లు" అని వేస్తున్నాను. వాళ్ల మనవలు ఇప్పుడు ఎక్కడెక్కడో బాగా బతుకుతున్నారు. ఆ కష్టాన్ని మా పుస్తకంలో చదవవలసిన అవసరం ఎవరికీ లేదు.

శ్రీరామనవమి

భజనల క్యాసెట్లు. ఏళ్లుగా కదలనివాటిని నేరుగా ప్లే చేయకూడదు. ముందు చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాలి. ఒకదానిలో టేపును హెడ్డుకు అదిమే చిన్న మెత్త ఊడిపోతే, చెడిపోయిన మరో క్యాసెట్ నుంచి తీసి అతికించాను. ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్ ఫైలుగా ఎక్కించాను. గంట క్యాసెట్ 600 ఎంబీ దాటుతుంది. గరగర తగ్గించే పని కాపీ మీదే చేయాలి, అసలును ముట్టుకోకూడదు.

ఎందుకంటే భజన వెనకాల ఉన్న చప్పుళ్లే నాకు దొరికిన నిధి. దాశరథీ శతక పద్యం అయిపోయి కంజిర ఆగిన చోట, కాస్త దూరంనుంచి తాతయ్య గొంతు: "లాభం, రెండు, మూడు, నాలుగు..." అన్నదానానికి బియ్యం కొలుస్తున్నారు. మధ్యలో ఎవరో పిల్ల పానకం అడిగితే, కొలత ఆపకుండానే "మిరియం ఘాటుగా ఉంది, కొంచెమే తాగు తల్లీ" అన్నారు. ఆ పిల్ల మా అమ్మే. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అమ్మ దాన్ని ఎన్నిసార్లు విన్నదో!

మే

పేజీలు లిబ్రే ఆఫీస్‌లో, ఏ5 సైజులో పెడుతున్నాను. అక్షరాలకు 'మండలి' ఫాంటు తీసుకున్నాను. ఉప్పెన తరవాత దివిసీమను నిలబెట్టడానికి అంత కష్టపడిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీద ఉన్న ఫాంటు అది. ఈ పుస్తకానికి ఇంతకంటే తగినది లేదు. భిన్నపు గుర్తులకు నోటో సాన్స్ తెలుగు వాడుతున్నాను.

పదహారు పేజీలకు ఒక ఫారం, అంటే కలిపి మడిచి కుట్టే కట్ట. కాగితం 100 జీఎస్ఎం. పుల్ల, అంటే కాగితం నారల వాలు, పుస్తకం వీపుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే పుటలు చక్కగా తెరుచుకోవు. దబ్బనంతో ముందే చిల్లులు పొడిచి, మైనం పట్టించిన నూలుదారంతో కుడుతున్నాను. నమూనాగా ఖాళీ కాగితాలతో ఒకటి కుట్టి చూస్తే బల్ల మీద సాఫుగా పరుచుకుంది. అట్టకు ఎర్రటి కాలికో అనే బైండింగు గుడ్డ, ఆయన చిట్టాల రంగే.

ఫైళ్లు నా కంప్యూటర్‌లో ఒకటి, విడి హార్డ్‌డిస్కులో ఒకటి, పిన్ని ఇంట్లో ఒకటి. మీరూ ఒక కాపీ వేరే ఊళ్లో ఉంచండి.

ఇక మిగిలినవి 1992, 2004 కృష్ణా పుష్కరాల పుస్తకాలు. వాటిలో తప్పిపోయిన పిల్లల జాబితాలున్నాయి, ఎక్కువ పేర్ల పక్కన "అప్పగించాము" అని తాతయ్య సంతకం. కొన్నిటి పక్కన లేదు. ఆ రోజుల్లో ఆయనతో కలిసి పనిచేసిన పెద్దాయన ఒకరు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. వచ్చే ఆదివారం ఆ పుటల ఫొటోలు పెద్దవి చేసి పట్టుకెళ్లి ఆయనను అడగాలి.