విజయవాడలో డీలర్ మీట్‌కి హాల్ వెతికి బుక్ చేసిన నా అనుభవం

నేను ఒక పెయింట్ల కంపెనీలో సేల్స్ చూస్తుంటాను, హెడ్డాఫీసు హైదరాబాద్‌లో, మా ఏరియా కృష్ణా, ఎన్టీఆర్, గుంటూరు, ఏలూరు జిల్లాలు. దసరా దీపావళికి జనం ఇళ్లకి రంగులేయించుకుంటారు కాబట్టి సరుకు అంతకు ముందే కొట్లలో దిగిపోవాలి, అందుకని జులైలో డీలర్లందర్నీ పిలిచి పండగ స్కీమ్ చెప్పేయమన్నారు, హాల్ చూసే పని నాకు అప్పజెప్పారు. డీలర్లు, మా స్టాఫ్ కలిపి 90 మంది దాకా.

ముందు తేదీ సంగతి. ముహూర్తాలున్న రోజుల్లో విజయవాడలో మంచి హాల్ అడిగితే మనకి ఇచ్చే ప్రసక్తే లేదు, ఒక్క రిసెప్షన్‌కి లేచే ప్లేట్లు మన మీటింగ్‌కి ఎక్కడ లేస్తాయి. అదే ఆషాఢంలో అయితే పెళ్లిళ్లు ఉండవు, హాళ్లు ఖాళీ, రేటు దగ్గర మన మాట కూడా వింటారు, మూఢం రోజుల్లోనూ అంతే. ఆఫీసు మీటింగులు పెట్టేవాళ్లు హోటల్‌కి ఫోన్ చేసేముందు ఒకసారి పంచాంగం చూసుకోండి, వేలల్లో తేడా వస్తుంది. కాకపోతే బెజవాడలో ఆషాఢానికి ఇంకో లెక్క ఉంది, నెలంతా అమ్మవారికి సారె తెచ్చే జనం, దానికితోడు పౌర్ణమితో ముగిసేలా కొండ మీద మూడ్రోజులు శాకంబరీ ఉత్సవాలు, ఆ రోజుల్లో వన్‌టౌన్ వైపు, స్టేషన్ వైపు హాల్ పెడితే డీలర్ కార్లోనే కూర్చుండిపోతాడు. అందుకని ఆ మూడ్రోజులు వదిలేసి, తొలి ఏకాదశి కూడా వదిలేసి (ఉపవాసం ఉండేవాళ్లని పిలిచి భోజనం పెడతామంటే ఏం బావుంటుంది) ఇంకో ఆదివారం ఖాయం చేశాం.

ఏ ఏరియాలో అనేదానికి నేను డీలర్ల లిస్ట్ ముందేసుకుని ఎవరు ఏ రోడ్డున వస్తారో రాసుకున్నా. బందరు, గుడివాడ వాళ్లు బందర్ రోడ్డు మీదే వస్తారు, ఏలూరు, హనుమాన్ జంక్షన్ వాళ్లు గన్నవరం మీదుగా, గుంటూరు, తెనాలి వాళ్లు వారధి దాటి, నందిగామ, జగ్గయ్యపేట వాళ్లు ఇబ్రహీంపట్నం వైపు నుంచి. వీళ్లందరికీ కలిసే చోటు బెంజ్ సర్కిల్, 16వ నంబర్ హైవే, 65వ నంబర్ హైవే రెండూ అక్కడే కలుస్తాయి. ఎయిర్‌పోర్ట్ దగ్గర పెడితే హైదరాబాద్ నుంచి వచ్చే సార్లకి సుఖమే, కానీ వాళ్లు నలుగురు, డీలర్లు ఎనభై మంది, ఏలూరు వైపు వాళ్లు తప్ప మిగతా అందరికీ ఇరవై కిలోమీటర్ల దాకా అదనం. గవర్నర్‌పేటలో రేట్లు తక్కువగానే చెప్పారు గానీ ఆ సందుల్లో కార్లు పెట్టేచోటు లేదు. గుడివాడ నుంచి ఒక పెద్దాయన ఫోన్లో ఒకటే మాటన్నారు, "మీటింగ్ యాడైనా పెట్టు బాబూ, మూడింటికల్లా వదిలెయ్, కొట్లో కుర్రాడొక్కడే ఉంటాడు" అని. నాకు అదే పెద్ద రూల్ అయిపోయింది, పది గంటలకి మొదలెట్టి ఒంటిగంటన్నరకి భోజనం, మూడింటికి క్లోజ్.

ఇక హాళ్లు చూడ్డం. ఫోన్లో అడిగితే అందరూ చెప్పేది ఒకటే, "150 మంది పడతారండి" అని. ఎలా కూర్చోబెడితే పడతారో అడగాలి మనం. అది థియేటర్ స్టైల్ లెక్క, అంటే ఉత్త కుర్చీలు వరసగా వేస్తే. ముందు బల్లలు వేసి క్లాస్‌రూమ్ స్టైల్ అన్నామంటే దాదాపు సగానికి పడిపోతుంది, రౌండ్ టేబుళ్లు వేస్తే పదిమంది టేబుల్ దగ్గర స్టేజీకి వీపు పెట్టకుండా కూర్చోగలిగేది ఆరుగురే. మా వాళ్లు రేట్ల లిస్ట్ మీద పెన్నుతో రాసుకుంటారు, బల్ల లేకపోతే కుదరదు, కాబట్టి 90 మందికి 180, 200 చెప్పే హాలే కావాలి. దీన్ని ముందే తేల్చుకోవడంతో సగం హోటళ్లు అక్కడికక్కడే పక్కకిపోయాయి.

వెళ్లిన ప్రతిచోటా ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి మా స్కీమ్ స్లాబుల (ఎంత సరుకు కొంటే ఎంత వస్తుందనే మెట్లు) స్లైడ్ వేయించి చివరి వరసలో కూర్చుని చూశా. ఒకచోట హాల్ చాలా బావుంది, షాండ్లియర్లు, మంచి కార్పెట్, కానీ సీలింగ్ తక్కువ, స్క్రీన్ కిందకి దిగిపోయింది, ముందువాళ్ల తలలు అడ్డమొచ్చి కింది రెండు స్లాబులు కనపళ్లేదు, పెద్ద టర్నోవర్ వాళ్ల స్లాబులు అవే మరి. స్క్రీన్ ఎత్తుకి ఆరు రెట్ల దూరం లోపలే చివరి కుర్చీ ఉండాలని ఆడియో అతను చెప్పాడు, టేపుతో కొలిచి చూస్తే సరిగ్గా అదే తేడా. ఇంకోచోట స్తంభాలు. ఫొటోల్లో స్తంభాలు కనపడకుండా తీస్తారు కాబట్టి హాల్‌ని కళ్లారా చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. స్క్రీన్ పక్కన లైట్లు మాత్రం విడిగా ఆర్పే స్విచ్ ఉందో లేదో కూడా చూడండి, లేకపోతే మొత్తం చీకటి చేయాలి, భోజనానికి ముందు చీకటి చేస్తే సగం మంది నిద్రే.

మా పనికి ఇంకో చిక్కుంది, కలర్ టింటింగ్ మెషిన్ (కొట్లో అడిగిన రంగు కలిపిచ్చేది) కొత్త మోడల్ చూపించాలి, వాటర్‌ప్రూఫింగ్ డెమో కూడా చేయాలి. మెషిన్ బరువు ఎక్కువ, నాలుగో ఫ్లోర్ హాల్ అంటే లిఫ్ట్‌లో పట్టాలి కదా, గెస్టులెక్కే లిఫ్ట్‌లో ఎక్కించనివ్వరు, సరుకుల లిఫ్ట్ తలుపు కొలిస్తే మెషిన్ కంటే తక్కువొచ్చింది, ఆ హోటల్ అక్కడితో క్యాన్సిల్. డెమో అనేసరికి బ్యాంక్వెట్ మేనేజర్లందరికీ కార్పెట్ గురించే భయం, వాసన గురించి భయం, వాళ్ల తప్పు కాదది, సాయంత్రం అదే హాల్లో ఎవరిదో ఓణీల ఫంక్షన్ ఉంటుంది. చివరికి మేం తీసుకున్న హోటల్లో హాల్ గ్రౌండ్ ఫ్లోర్, దాన్నానుకుని బండలేసిన వరండా, డెమో అక్కడ చేసుకోమన్నారు, ప్లైవుడ్ బోర్డులు గోడకి ఆనించకుండా స్టాండ్ల మీద పెడితే చాలన్నారు. స్టార్లు ఒకటి తక్కువే ఆ హోటల్‌కి. నాకు ఆ వరండా ముందు స్టార్లు ఎక్కువ అనిపించలేదు.

ఒక్క అనుమానం మిగిలింది, ఆ హాల్‌కీ పక్క హాల్‌కీ మధ్య గోడ కాదు, మడిచే పార్టిషన్. పక్కన ఎవరైనా హల్దీ, బర్త్‌డే అని డీజే పెడితే మన ఎండీ గారి మైకు వినపడదు. మేనేజర్ని అడిగితే "ఏం వినపడదండి" అన్నాడు, నేను ఒకర్ని అవతల పాటలు పెట్టమని చెప్పి ఇటు నిలబడి విన్నా, దరువు మొత్తం వినపడుతోంది. అందుకని పక్క హాల్ మూడున్నర దాకా ఎవరికీ ఇవ్వకూడదు, ఇస్తే సౌండ్ సిస్టం లేకుండా ఇవ్వాలి అని బుకింగ్ కాయితం మీద రాయించుకున్నాం. నోటిమాట వద్దు, ఇవాళ మాట్లాడిన మేనేజర్ ఆ రోజు డ్యూటీలో ఉండకపోవచ్చు.

భోజనం దగ్గర గ్యారంటీ ప్లేట్ల మీద బేరం నడిచింది. వాళ్లు 100 అడిగారు, మేం 80 దగ్గర ఆగాం, గ్యారంటీ ఎంత చెప్తే మనుషులు రాకపోయినా అంత కట్టాలి, దాటితే వచ్చిన ప్లేట్‌కి అదే రేటు కట్టేస్తాం, కాబట్టి ఎప్పుడూ తక్కువే చెప్పాలి. ప్లేట్ 900 అన్నారు, స్టార్టర్లు తీసేసి పప్పు, గోంగూర, చికెన్, చేపల పులుసు గట్టిగా ఉంచమని 780కి తెచ్చాం. బఫే కౌంటర్లు రెండు వైపులా పెట్టించండి, ఒక్కటే పెడితే భోజనాలకే గంటన్నర పోతుంది.

బిల్లు విషయం మా అకౌంట్స్ అతను ముందే చెప్పబట్టి సరిపోయింది. హాల్ ఏ రాష్ట్రంలో ఉంటే జీఎస్టీ ఆ రాష్ట్రానిదే పడుతుంది, మా హైదరాబాద్ జీఎస్టీ నంబర్ ఇస్తే ఆంధ్రా ట్యాక్స్‌కి క్రెడిట్ రాదు, అంటే కట్టింది కంపెనీ కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోలేం, కాబట్టి మా విజయవాడ గోడౌన్ నంబర్ ఇవ్వాలి. భోజనం మీద కట్టిన ట్యాక్స్‌కి ఎలాగూ క్రెడిట్ రాదు, అందుకని "హాల్ ఫ్రీ, అంతా ప్లేట్‌లోనే" అనే ప్యాకేజీ వద్దని హాల్ రెంట్, ప్రొజెక్టర్, భోజనం విడివిడి లైన్లుగా కొటేషన్ తీసుకున్నాం. హాల్ రెంట్ మీద 18 శాతం. కొటేషన్ అలాగే మెయిల్లో తెప్పించుకుని, క్యాన్సిల్ చేస్తే అడ్వాన్స్ ఏమవుతుందో కూడా దాంట్లోనే రాయించి అప్పుడు డబ్బులు పంపాం.

ఆ రోజు 86 మంది తిన్నారు, పక్క హాల్ ఖాళీగా ఉంది, గుడివాడ పెద్దాయన రెండూ యాభైకే కారెక్కేశారు. నవంబర్‌లో ఇంకో మీట్ ఉంది, అప్పుడు కార్తీకం, డీలర్లలో మాల వేసుకున్న స్వాములు కూడా ఉంటారు, వాళ్లకి ఉల్లి వెల్లుల్లి లేకుండా విడిగా వండి విడిగా వడ్డించగలరా అని అదే హోటల్‌ని ఇప్పుడే అడిగి పెట్టా, పైగా అది పెళ్లిళ్ల టైము కూడా, ముహూర్తం లేని రోజులు రెండు రాసిచ్చి పట్టి ఉంచమన్నా.