టెస్ట్ పాసయింది సరే, ఏ కాపీ మీద?

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్‌లో ఆటోపీకేజీటెస్ట్ (autopkgtest) అనే టూల్ ఉంది. ప్యాకేజీని శుభ్రమైన ఓ కంటెయినర్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో ఇన్‌స్టాల్ చేసి, అది నిజంగా పనిచేస్తుందో లేదో చూడటమే దీని పని. బిల్డ్ అయ్యేటప్పుడు నడిచే టెస్టులు సోర్స్‌ను పరీక్షిస్తాయి. ఇది పరీక్షించాల్సింది యూజర్ చేతికి వెళ్లేదాన్ని.

ఈమధ్య ఒక పైథాన్ లైబ్రరీ ప్యాకేజీని రివ్యూ చేస్తున్నాను. డెబ్ ఫైల్ (యూజర్ ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీ ఫైల్) విప్పి చూస్తే టెంప్లేట్ల డైరెక్టరీ అందులో లేనే లేదు. ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకి మొదటి ఫంక్షన్ కాల్‌కే 'ఫైల్ దొరకలేదు' అని ఎర్రర్ రావాలి. టెస్టులు మాత్రం అన్నీ పాస్! నమ్మబుద్ధి కాలేదు. మాడ్యూల్ ఎక్కడి నుంచి లోడ్ అవుతోందో ప్రింట్ చేయించాను. ఇన్‌స్టాల్ అయిన లైబ్రరీలు ఉండే, యూఎస్ఆర్ (/usr) కింది డిస్ట్-ప్యాకేజెస్ పాత్ రావాల్సిన చోట సోర్స్ డైరెక్టరీ పాత్ వచ్చింది.

సంగతేమిటంటే, ఈ టూల్ టెస్టుల్ని సోర్స్ ప్యాకేజీ రూట్ డైరెక్టరీలోంచే మొదలుపెడుతుంది. అక్కడ 'పైథాన్3 -ఎం పైటెస్ట్' అని (టెస్టులు నడిపే పైటెస్ట్ ప్రోగ్రామ్‌ని పిలిచే కమాండ్) నడిపితే, పైథాన్ ఆ డైరెక్టరీనే ఇంపోర్ట్ పాత్‌లో ముందు పెట్టుకుంటుంది. లైబ్రరీ ఫోల్డర్ పక్కనే కనిపిస్తుంటే ఇన్‌స్టాల్ అయినదాని జోలికి ఎందుకు పోతుంది? టెస్టుల ఫోల్డర్ ఒక్కదాన్నే ఈ టూల్ ఇచ్చే తాత్కాలిక డైరెక్టరీలోకి కాపీ చేసి, అక్కడి నుంచి నడిపించగానే ఎర్రర్లు వరసకట్టాయి. వాటిని చూశాకే నా మనసు కుదుటపడింది.

దీనికి పూర్తిగా తలకిందులుగా ఉండే ప్రవర్తన కూడా ఉంది. టెస్ట్ సున్నా ఎగ్జిట్ కోడ్‌తో (అంటే సక్సెస్‌తో) చక్కగా ముగిసినా, ఎస్‌టీడీఎర్ర్‌లోకి, అంటే ప్రోగ్రాములు ఎర్రర్లు, హెచ్చరికలు రాసే అవుట్‌పుట్‌లోకి (stderr), ఒక్క లైన్ పడితే చాలు, ఫెయిల్ అంటుంది. పైథాన్‌తో వచ్చే టెస్ట్ లైబ్రరీ యూనిట్‌టెస్ట్ తన రిపోర్ట్ మొత్తం, చివర్లో వచ్చే 'ఓకే'తో సహా, ఎస్‌టీడీఎర్ర్‌లోనే రాస్తుంది కాబట్టి అక్కడ దాన్ని అనుమతించే 'అలౌ-ఎస్‌టీడీఎర్ర్' సెట్టింగ్ పెట్టక తప్పదు. చిన్న షెల్ టెస్టులకి మాత్రం అది పెట్టొద్దనే అంటాను. రేపు తీసేయబోయే ఫీచర్ గురించి హెచ్చరిక ముందుగా కనిపించేది అక్కడే.

అన్నట్టు, పైథాన్ 3.12కి ముందు యూనిట్‌టెస్ట్‌కి ఒక్క టెస్టూ దొరక్కపోయినా సక్సెస్ అనే చెప్పేది. ఇప్పుడు ఎగ్జిట్ కోడ్ 5 ఇస్తుంది. చాలా మంచి మార్పు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ ఫలితాలు ఒక్క ప్యాకేజీతో ఆగవు. ఏదైనా లైబ్రరీ కొత్త వెర్షన్ అన్‌స్టేబుల్‌లోకి (డెబియన్‌లో కొత్త ప్యాకేజీలు ముందు చేరే విభాగం) రాగానే దానిమీద ఆధారపడ్డ ప్యాకేజీల టెస్టులూ నడుస్తాయి. అవి చెప్పేదాన్ని బట్టే ఆ వెర్షన్ దాని తర్వాతి విభాగమైన 'టెస్టింగ్'లోకి వెళ్లాలా వద్దా అన్నది తేలుతుంది. సోర్స్‌ను పరీక్షించి పాసనే టెస్ట్, ప్యాకింగ్ పాడైన ప్యాకేజీని అడ్డుకోలేదు.

ఇప్పుడు నేను రాసే ప్రతి టెస్ట్ ముందుగా మాడ్యూల్ పాత్ చూస్తుంది, అది యూఎస్ఆర్‌తో మొదలవకపోతే అక్కడే ఆగిపోతుంది. ఉత్త ఇంపోర్ట్ మాత్రమే చేసి చూసే టెస్టులు మీ ప్యాకేజీలో ఉంటే, దయచేసి వాటికి 'సూపర్‌ఫిషియల్' అని గుర్తు పెట్టండి. అవి మాత్రమే పాసైతే టూల్ దాన్ని పూర్తి పాస్‌గా లెక్కించదు.